మా నాన్నకి పోయింది మాట, మతి కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

సివిల్ కోర్టుల గురించి పేపర్లో ఏం వచ్చినా చివరికి ఆలస్యం దగ్గరే ఆగుతుంది. కేసులు తెగడం లేదు, వాయిదాల మీద వాయిదాలు, తాతలు వేసిన దావాలు మనవలు నడుపుకుంటున్నారు అని. నిజమే, ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది. కానీ నేను ఈ ఉత్తరం రాస్తున్నది వేరే సంగతి గురించి. దావా తొందరగా తెగినా ఆలస్యంగా తెగినా, అందులో ఉన్న మనిషి తను చెప్పదలుచుకున్నది జడ్జి గారికి చెప్పగలిగాడా, ఎదుటి లాయరు అడిగింది అతనికి అర్థమైందా అన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. క్రిమినల్ కేసుల్లో ఈ మాట ఈమధ్య కాస్త వినిపిస్తోంది. సివిల్ కేసుల్లో ఆ ఊసు దాదాపు లేదు. ఇల్లు, పొలం, అద్దె, అప్పు, మనోవర్తి, పిల్లల కస్టడీ, వీలునామా, ఇవన్నీ తేలేది సివిల్ కోర్టుల్లో, ఫ్యామిలీ కోర్టుల్లోనే కదా. జైలు లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవడానికి అవి చిన్న విషయాలేం కావు.

మా నాన్న సంగతి చెప్తాను. ఆయనకి పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలింది కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు బలహీనపడ్డాయి, వాటితో పాటు మాట పోయింది. దీన్ని అఫేసియా అంటారని అప్పటిదాకా నాకూ తెలీదు. గొంతు బాగానే ఉంటుంది, నాలుక ఆడుతుంది, చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, కానీ దానికి తగిన మాట దొరకదు. కొందరికి దాదాపు ఏదో ఒక్క మాటే మిగిలిపోతుంది, ఏం చెప్పబోయినా ఎక్కువగా అదే బయటికి వస్తుంది. మా నాన్నకి మిగిలిన మాట "అదే". మంచినీళ్లు కావాలన్నా "అదే", వద్దన్నా "అదే", కోపం వస్తే గట్టిగా "అదే అదే అదే". ఇంట్లో మాకు ఆ "అదే"లో పది రకాలు తెలుసు. ఏది ఏమిటో గొంతుని బట్టి, కళ్లని బట్టి, ఎడమ చెయ్యి ఎటు ఊపుతున్నాడో దాన్ని బట్టి పోల్చుకుంటాం.

పక్షవాతం రాకముందే వేసిన దావా ఒకటి ఉంది. నాన్నకి, ఆయన తోడబుట్టిన వాళ్లకి మధ్య ఇంటి వాటా గొడవ. నాన్న వాది. ఆయన సాక్ష్యం వంతు వచ్చేసరికి పరిస్థితి ఇదీ. మీకు తెలిసే ఉంటుంది, 2002 నుంచి సివిల్ దావాల్లో చీఫ్, అంటే సాక్షి ముందుగా తన తరఫున చెప్పుకునే సాక్ష్యం, అఫిడవిట్టే, లాయరు గారు టైపు చేయించి సంతకం పెట్టించి దాఖలు చేస్తారు. ఆ పని నాలుగు సాయంత్రాలు కూర్చుని ఎలాగో పూర్తి చేశాం. ఎడమ చేత్తో వేలిముద్ర పడింది. క్రాస్, అంటే అవతలి లాయరు వేసే ప్రశ్నలకి జవాబు చెప్పడం, మాత్రం నోటితోనే జరగాలి.

అటెండరు పేరు పిలిచాడు. నాన్నని పట్టుకుని బోనులో కుర్చీ వేసి కూర్చోబెట్టాం, అంతవరకు అందరూ మర్యాదగానే ఉన్నారు. తర్వాత అవతలి లాయరు గారు మొదటి ప్రశ్న వేశారు. నాకు మాటకి మాట గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు ఇంటికొచ్చి రాసి పెట్టుకున్నాను. "మీకు రావలసిన సొమ్ము మొత్తం ముట్టిన తర్వాతే మీరు ఆ విడుదల పత్రం మీద ఇష్టపూర్వకంగా సంతకం చేశారని, ఇప్పుడు ఇంటి ధర పెరిగేసరికి ఆ సంతకం నాది కాదని అబద్ధం ఆడుతున్నారని నేనంటే మీరేమంటారు?" విడుదల పత్రం అంటే ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం. ఒక్క వాక్యంలో ఎన్ని ప్రశ్నలున్నాయో లెక్కపెట్టండి. సొమ్ము ముట్టిందా, సంతకం పెట్టారా, ఇష్టంతో పెట్టారా, ఇప్పుడు అబద్ధం ఆడుతున్నారా. నాలుగు. ఒక్కోదానికి ఒక్కో జవాబు. మాట బాగా వచ్చిన మనిషే ఒక్క క్షణం తడబడతాడు. నాన్న ఎడమ చెయ్యి పైకెత్తి, తల అడ్డంగా ఊపుతూ అన్నాడు, "అదే... అదే..."

తెలుగులో "అదే" అంటే ఏమిటి? "అదేనండి, మీరన్నదే" అనే కదా వినేవాళ్లకి వినిపించేది. టైపిస్టు వేళ్లు కదిలాయి. మా లాయరు గారు లేచి అభ్యంతరం చెప్పారు. జడ్జి గారు మంచి మనిషి, నాన్న వైపు వంగి మెల్లగా "నిజమా, కాదా, ఒక్క మాట చెప్పండి పెద్దాయనా" అన్నారు. నాన్న "అవును" అన్నాడు. అంటూనే తల అడ్డంగా ఊపాడు. అఫేసియా ఉన్నవాళ్లలో ఇది మామూలే, అవునూ కాదూ తారుమారైపోతాయి, కాదు అనాలనుకుని అవును అంటారు, అన్న మరుక్షణం తప్పు అన్నామని వాళ్లకే తెలుస్తుంది, దిద్దుకోబోతే మళ్లీ అదే మాట వస్తుంది. జడ్జి గారు ఈసారి గొంతు పెంచి అడిగారు. ఆ తర్వాత అవతలి లాయరు గారు ఇంకా పెంచారు. నాన్నకి చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. అక్కడున్న ఎవరికీ ఆయనకి ఉన్న ఇబ్బంది ఏమిటో తెలీదు, ఎవరి తప్పూ అని నేననను, తెలుసుకునే ఏర్పాటు అక్కడ లేదు, అంతే. నాన్నకి చెమటలు పట్టేశాయి, టెన్షన్ పెరిగే కొద్దీ ఉన్న ఆ నాలుగు మాటలు కూడా పోతాయి. చివరికి వాయిదా వేశారు.

బయట చెట్టు కింద మా లాయరు గారు చెప్పిన సలహా ఏమిటంటే, గార్డియన్ పిటిషన్ వేద్దాం అని. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 32 అని ఉంది, మైనర్లకి, మతి స్థిమితం లేనివాళ్లకి వాళ్ల తరఫున ఇంకొకరు దావా నడపడానికి. అందులో రూల్ 15 ప్రకారం, పిచ్చివాడని ఏ కోర్టూ తేల్చకపోయినా, మానసిక బలహీనత వల్ల తన మంచీ చెడూ తను చూసుకోలేడని విచారణలో తేలితే చాలు, అతని బదులు దావా నడిపే మనిషి వస్తాడు, కోర్టు భాషలో అతన్ని నెక్స్ట్ ఫ్రెండ్ అంటారు. లాయరు గారు మంచి ఉద్దేశంతోనే అన్నారు. నాన్న అక్కడే ఉన్నాడు. ఆయన ముందే ఆయన గురించి అలా మాట్లాడుకోవడం కూడా మనకి అలవాటైపోయింది. నాన్న ఎడమ చేత్తో కుర్చీ మీద కొట్టి, నా వైపు చూసి, చూపుడు వేలు తన గుండె మీద పెట్టుకుని "అదే!" అన్నాడు. ఆ "అదే"కి అర్థం అడగక్కర్లేదు. నా దావా, నేనే చెప్తాను.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. మన కోర్టుల్లో ఉన్నవి రెండే దారులు. నీ నోటితో నువ్వు అందరిలాగా గడగడా చెప్పు, లేదంటే నీ తరఫున ఇంకొకడు చెప్తాడు, నువ్వు పక్కన కూర్చో. ఈ రెంటికీ మధ్యలో ఉన్న మనుషులు ఎంతమంది! మతి బాగుండి మాట సరిగా రానివాళ్లు, మాట వచ్చి పెద్ద వాక్యం అర్థం కానివాళ్లు, పుట్టుకతో చెవుడు ఉండి సైగల భాషే మాతృభాష అయినవాళ్లు, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు, బుద్ధిమాంద్యం కొద్దిగా ఉండి తమ ఇంట్లో ఎవరు తమని ఎలా చూస్తున్నారో చక్కగా చెప్పగలిగినవాళ్లు, నత్తి ఎక్కువై బోనులో నిలబడగానే మాట బిగుసుకుపోయేవాళ్లు, మతిమరుపు ఇప్పుడిప్పుడే మొదలైన వృద్ధులు, పార్కిన్సన్స్ వల్ల గొంతు గుసగుసగా మారిపోయినవాళ్లు. వీళ్లకి కావలసింది గార్డియన్ కాదు. ప్రశ్న వాళ్లకి చేరేలా, జవాబు కోర్టుకి చేరేలా మధ్యలో సాయపడే మనిషి, దానికి తగిన పద్ధతి.

ఆ మనిషి ఇంట్లో వాళ్లే కావచ్చు కదా అంటారు. ఆ రోజు కోర్టులో కూడా ఎవరో "అమ్మాయిని చెప్పమనండి" అన్నారు. అవతలి లాయరు గారు ఒప్పుకోలేదు. అప్పుడు నాకు మండిపోయింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆయన అన్నదే న్యాయం. ఆ ఇంటి వాటాలో రేపు నాకూ భాగం ఉంది. నేను చెప్పే అర్థం నాన్నదో నాదో ఎవరు తేలుస్తారు? 2012లో సుప్రీంకోర్టు ఒక రాజస్థాన్ కేసులో ఇదే తేల్చింది, మాట రాని, వినపడని సాక్షికి అర్థం చెప్పే మనిషి ఆ పరిసరాలు తెలిసినవాడైతే మంచిదే కానీ అతనికి ఆ కేసులో ఎలాంటి స్వార్థం ఉండకూడదు, అతని చేత కూడా ప్రమాణం చేయించాలి, అతను చెప్పిన అర్థంతో పాటు సాక్షి చేసిన సైగలు కూడా రికార్డు చెయ్యాలి అని. ఆ కేసులో సైగలకి అర్థం చెప్పింది సాక్షి తండ్రి. అది క్రిమినల్ కేసు. సివిల్ దావాల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆస్తి తగాదాలో పక్కన నిలబడి సాయం చేసే బంధువుకి ఆ ఆస్తితో సంబంధం లేకపోవడం అరుదు. ఫ్యామిలీ కోర్టులో అయితే చెవిటి భార్య మాటలకి అర్థం చెప్పేది ఎవరు, పుట్టింటివాళ్లా అత్తింటివాళ్లా? ఎవరు చెప్పినా ఆమె మాట మిగలదు.

స్వార్థం మాట పక్కన పెట్టినా తప్పు జరుగుతుంది. నాకే జరిగింది. అఫిడవిట్ కోసం కూర్చున్న రోజుల్లో నాన్న పదే పదే మూడు వేళ్లు చూపించేవాడు. మేం ముగ్గురు పిల్లలం, మా ముగ్గురి గురించీ అంటున్నాడని నేను లాయరు గారికి చెప్పేశాను, ఆయన అలాగే రాసుకున్నారు. తర్వాత స్పీచ్ థెరపిస్టు దగ్గర తేలింది, అది మూడో నెల. ఆ విడుదల పత్రం మీద తేదీ తప్పని ఆయన చెప్తున్నాడు. కన్న కూతుర్ని, రోజూ ఆయనతో ఉండేదాన్ని, కళ్లెదురుగా ఉన్న సాక్ష్యాన్ని మార్చేశాను. కావాలని కాదు. నాకు తోచిన అర్థం చెప్పాను.

థెరపిస్టు ఏం చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదేదో పెద్ద యంత్రాలు, కోట్ల ఖర్చుతో కూడిన పని అని చాలామంది అనుకుంటారు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు ఒకదాని కింద ఒకటి రాసింది. పక్కపక్కన రాయలేదు, ఎందుకని అడిగితే, ఎడమ మెదడుకి దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి కుడి వైపు చూపు తగ్గుతుంది, పక్కపక్కన రాస్తే కుడి చివర ఉన్నది కనపడకపోవచ్చు, అప్పుడు ఆయన ఎంచుకున్నట్టు కాదు, కనిపించింది ముట్టుకున్నట్టు అని చెప్పింది. నాకు ఒళ్లు జలదరించింది. కోర్టులో ఎవరైనా మంచి మనసుతో రెండు చీటీలు పక్కపక్కన పెట్టి ముట్టుకోమని ఉంటే? తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నలో ఒక్క సంగతే. "ఈ సంతకం చూడండి." ఆగింది. "ఇది మీరు పెట్టారా?" పచ్చ అట్ట మీద టిక్కు, ఎర్ర అట్ట మీద ఇంటూ గుర్తు. నాన్న ఎర్రది ముట్టాడు. అక్కడితో వదిలెయ్యలేదు. కాసేపాగి తిప్పి అడిగింది, "ఇది వేరేవాళ్లు పెట్టారా?" నాన్న పచ్చది ముట్టాడు. రెండూ కలిస్తేనే జవాబు అని రాసుకుంది. మాటలు చాలు అనుకున్నప్పుడు పది నిమిషాలు ఆపింది. ఇరవై నిమిషాల్లో, కోర్టు ఒక పూటంతా రాబట్టలేకపోయింది రాబట్టింది. ఆమె నాన్నకి ఏమీ అందించలేదు, కేసు ఏమిటో ఆమెకి సరిగా తెలీదు కూడా.

ఇక చట్టం సంగతి. నేను లాయర్ని కాదు, కానీ ఈ రెండేళ్లలో చదవక తప్పలేదు. మన దగ్గర చట్టం లేదనుకుంటే పొరపాటు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో గుర్తించిన వైకల్యాల పట్టికలో మాట, భాష వైకల్యం అని ఉంది, అఫేసియా పేరు ఆ పట్టికలోనే ఉంది. సెక్షన్ 12 మొత్తం న్యాయం అందుబాటు గురించే. వికలాంగులు ఇచ్చే సాక్ష్యం, వాదన, అభిప్రాయం వాళ్లు ఎంచుకున్న భాషలో, వాళ్లకి వీలైన పద్ధతిలో నమోదు చెయ్యడానికి కావలసిన సదుపాయాలు, పరికరాలు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యాలని అందులో ఉంది. క్రిమినల్ కేసుల్లోనే అని ఎక్కడా లేదు. అదే చట్టం సెక్షన్ 14 గార్డియన్ గురించి చెప్తూ, మనిషిని పక్కన కూర్చోబెట్టి అతని బదులు నిర్ణయాలు తీసుకోవడం కాదు, అతనితో కలిసి, అతన్ని అడిగి తీసుకోవాలి అంటుంది. అంతకు ముందే మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 13వ అధికరణంలో, అన్ని రకాల కోర్టు వ్యవహారాల్లోనూ వికలాంగులు పాల్గొనడానికి పద్ధతుల్లో తగిన మార్పులు చెయ్యాలని ఉంది. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఆర్డర్ 32 రూల్ 15 మాత్రం అలాగే ఉంది, కోర్టులో ముందు గుర్తొచ్చేది అదే.

సాక్ష్యాల చట్టంలో కూడా ఒక మాట ఉంది. 2013లో పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 119ని మార్చారు, ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 125. మాట్లాడలేని సాక్షి రాసి గానీ సైగలతో గానీ చెప్పవచ్చు, అలా చెప్పినది నోటితో చెప్పిన సాక్ష్యంతో సమానం, అతను నోటితో చెప్పలేకపోతే కోర్టు ఇంటర్‌ప్రిటర్ సాయం గానీ వైకల్యం ఉన్నవాళ్లకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం గానీ తీసుకోవాలి, వీడియో తీయాలి. తీసుకోవచ్చు అని కాదు, తీసుకోవాలి అనే ఉంది. సాక్ష్యాల చట్టం సివిల్‌కీ క్రిమినల్‌కీ ఒకటే. మరి మా నాన్నకి ఎందుకు వర్తించలేదు? ఎందుకంటే ఆయన "అదే" అన్నాడు, "అవును" అన్నాడు. గొంతులోంచి మాట వచ్చింది కాబట్టి మాట్లాడలేనివాడి కింద ఎవరికీ తోచలేదు. చట్టం రాసినవాళ్ల ఊహలో ఉన్నది పూర్తిగా మూగ అయిన సాక్షి. మాట సగం పోయినవాడు, ప్రశ్న అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాడు ఆ సెక్షన్‌లో సరిగా ఇమడరు. జడ్జి గారు తలుచుకుంటే ఇమడ్చగలరు, కానీ ప్రతి మనిషి గతీ ఆ కోర్టులో ఆ రోజు ఉన్న జడ్జి గారి ఓపిక మీద ఆధారపడాలా?

సుప్రీంకోర్టు 2017లో ఒక మహారాష్ట్ర కేసులో, బలహీన సాక్షుల కోసం, అంటే అందరిలాగా బోనెక్కి చెప్పడం కష్టమైన సాక్షుల కోసం, ప్రతి హైకోర్టు పరిధిలో కనీసం రెండు ప్రత్యేక కేంద్రాలు పెట్టమంది. 2022 జనవరిలో ఆ మాటకి అర్థం విస్తరించి, బలహీన సాక్షి అంటే పిల్లలు మాత్రమే కాదు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, మాట, వినికిడి లోపం ఉన్నవాళ్లు, వేరే ఏ వైకల్యం ఉన్నవాళ్లనైనా కోర్టు అలా భావిస్తే ఆ కోవలోకే వస్తారని చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్లో, వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్షి మాటని తక్కువగా చూడకూడదని గట్టిగా చెప్పింది. ఇవన్నీ గొప్ప తీర్పులే. ఇవన్నీ క్రిమినల్ కేసుల్లోంచి పుట్టినవే. ఒక సివిల్ దావాలో, మున్సిఫ్ కోర్టులో, ఎనభై ఏళ్ల వితంతువు తన మనవడు రాయించుకున్న గిఫ్ట్ డీడ్ రద్దు చెయ్యమని వచ్చి నిలబడితే ఈ తీర్పుల్లో ఏ ఒక్కటీ ఆమె దాకా రావడం లేదు.

ఇంగ్లండ్‌లోనూ మొదట ఇదే తంతు. అక్కడ 1999 చట్టంతో క్రిమినల్ కేసుల్లో ఇంటర్మీడియరీ అనే పద్ధతి వచ్చింది. అంటే స్పీచ్ థెరపీ లాంటి విద్య తెలిసిన, ఏ పక్షానికీ చెందని మనిషి, కోర్టు కోసం పనిచేస్తాడు. సాక్షిని ముందుగా కలిసి అతనికి ఏది అర్థమవుతుందో ఏది కాదో చూసి కోర్టుకి రిపోర్టు ఇస్తాడు, తర్వాత ప్రశ్నలు అడిగేటప్పుడు పక్కనే ఉంటాడు. సివిల్ కేసుల్ని మాత్రం వాళ్లు కూడా ఇరవై ఏళ్లు పట్టించుకోలేదు. 2020లో సివిల్ జస్టిస్ కౌన్సిల్ అనే వాళ్ల సంస్థ ఈ లోటు మీద రిపోర్టు ఇచ్చింది, 2021 ఏప్రిల్ 6 నుంచి సివిల్ నిబంధనలే మార్చారు. కోర్టు ముఖ్యోద్దేశంలోనే, పార్టీలు పూర్తిగా పాల్గొనగలగాలి, తమ సాక్ష్యాన్ని వీలైనంత బాగా ఇవ్వగలగాలి అని చేర్చారు. సాక్షులు అని ఊరుకోకుండా పార్టీలు అని కూడా రాశారు చూడండి, అది చాలా ముఖ్యం, ఎందుకంటే సివిల్ దావాలో మనిషి బోనులో ఉన్న గంట మాత్రమే కాదు, రాజీ మాట్లాడినప్పుడు, కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు, తీర్పు చదివినప్పుడు కూడా అతనికి అర్థం కావాలి. సాక్ష్యానికి ముందే జడ్జి, లాయర్లు కూర్చుని ఈ మనిషిని ఎలా అడగాలి, ఎంతసేపు అడగాలి, ఎప్పుడు ఆపాలి అని నియమాలు అనుకోవడం కూడా అందులో ఉంది.

ఇది విని లాయర్లలో కొందరు నాతో అన్నది ఏమిటంటే, మధ్యలో మనిషి వస్తే సాక్షికి జవాబులు నేర్పించేస్తాడు, క్రాస్‌కి ఉన్న పదును పోతుంది అని. నేర్పించడం గురించి భయం న్యాయమైనదే. అందుకే ఆ మనిషి ప్రమాణం చెయ్యాలి, కేసులో సంగతులు సాక్షితో మాట్లాడకూడదు, అంతా వీడియో తీయాలి. ప్రశ్న అడగొద్దనే హక్కు అతనికి లేదు, "ఈ ప్రశ్నలో నాలుగున్నాయి, విడదీసి అడగండి" అనడం వరకే అతని పని. పదును సంగతంటారా, అబద్ధం బయటపెట్టడానికి క్రాస్ కావాలి, ఒప్పుకుంటాను. కానీ మా నాన్న దగ్గర బయటపడింది అబద్ధమూ కాదు నిజమూ కాదు, ఒక "అదే" మాత్రమే. రేపు ఆ "అదే" ఆధారంగా అవతలి వాళ్లు గెలిచినా పై కోర్టులో అది నిలబడుతుందా? వాళ్లకీ నష్టమే. ఆలస్యం అవుతుందనే వాళ్లకి ఒక్క మాట. మా దావాలో నాన్న సాక్ష్యం కోసమే ఇప్పటికి ఐదు వాయిదాలు పడ్డాయి. ఒక పూట ముందుగా కూర్చుని పద్ధతి అనుకుని ఉంటే ఒక్క వాయిదాలో అయిపోయేది.

నేను అడిగేవి కొండంత కోరికలు కావు. దావా వేసినప్పుడో, సమన్లు పంపినప్పుడో ఆ కాగితంలోనే ఒక ప్రశ్న ఉండాలి, మాట్లాడటంలో గానీ వినడంలో గానీ అర్థం చేసుకోవడంలో గానీ మీకు ఇబ్బంది ఉందా, ఏ సాయం కావాలి అని. ఇప్పుడు అడిగే నాథుడే లేడు, అది బయటపడేది నిండు కోర్టులో బోనెక్కిన తర్వాత. రెండోది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల దగ్గర ఇప్పటికే ఉచిత లాయర్ల ప్యానెల్ ఉంది, వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు. కానీ లాయరు మాట క్లయింటుకి, క్లయింటు మాట లాయరుకి అర్థం కానప్పుడు ఉచిత లాయరు ఉండి ఏం లాభం? ఆ ప్యానెల్ పక్కనే స్పీచ్ థెరపిస్టులు, సైగల భాష ఇంటర్‌ప్రిటర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్ల ప్యానెల్ కూడా పెట్టాలి, వాళ్ల ఫీజు కోర్టు ఇవ్వాలి, బాధలో ఉన్న కుటుంబం నెత్తిన వెయ్యకూడదు. సుప్రీంకోర్టులోనే 2023లో వినికిడి లేని ఒక లాయరు కోసం సైగల భాష ఇంటర్‌ప్రిటర్‌ని కోర్టు పెట్టింది, దేశమంతా చూసింది. లాయరుకి ఇచ్చింది కక్షిదారుకి కూడా ఇవ్వాలి, ఢిల్లీలో ఇచ్చింది జిల్లా కోర్టులో కూడా ఇవ్వాలి. ఇక గార్డియన్ పిటిషన్ వచ్చినప్పుడల్లా, ఈ మనిషికి సాయం ఇస్తే తనంతట తాను చెప్పగలడా అన్నది ముందు చూడమని హైకోర్టులు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, చాలామంది పరువు నిలబడుతుంది.

లోక్ అదాలత్ గురించి కూడా చెప్పాలి. మా లాంటి కేసులు అక్కడికి పంపేస్తుంటారు, రాజీ అయిపోతే అందరికీ సుఖం అని. అక్కడ అయిన అవార్డు మీద మామూలు అప్పీలు ఉండదు. పది నిమిషాల్లో నలుగురు చుట్టూ నిలబడి "సరేనా పెద్దాయనా" అంటే, "అదే" అనే మనిషి సంతకం అక్కడ ఎంత సులువుగా పడుతుందో ఆలోచించండి. నాకు బోను కన్నా అదే ఎక్కువ భయం.

ఇప్పుడు మా లాయరు గారు గార్డియన్ పిటిషన్ ఆలోచన మానుకున్నారు. దాని బదులు, థెరపిస్టు సమక్షంలో, చిన్న ప్రశ్నలతో, అట్టలు వాడుకుంటూ, వీడియో తీస్తూ క్రాస్ జరపమని పిటిషన్ వేశారు. వచ్చే వాయిదాకి విచారణ. అవతలి వాళ్లు కౌంటర్ వేస్తారో లేదో తెలీదు. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే అట్టలు ముందు పెట్టుకుని కూర్చుంటున్నాడు. పచ్చది, ఎర్రది సరిపోలేదు ఆయనకి. పోయిన వారం రెండూ పక్కకి నెట్టేసి, ఖాళీ అట్ట మీద వేలు పెట్టి "అదే, అదే" అని సతాయించాడు. అరగంట పట్టింది మాకు అర్థం కావడానికి. ఆయనకి మూడో అట్ట కావాలి, పసుపు రంగు అట్ట మీద ప్రశ్న గుర్తు వేసి ఇచ్చాం, "నాకు అర్థం కాలేదు, మళ్లీ అడగండి" అని దానికి అర్థం. ఇప్పుడు ఎక్కువగా ముట్టుకునేది దాన్నే.

ఇట్లు,
ఒక పాఠకురాలు